కుట్టుకి వదిలిన అర అంగుళం

సింకు పడిపోయింది.

అమ్మిన షాపతను దాన్ని వేలితో టంగుమని కొట్టి చూపించి, "ఒకసారి పెట్టారంటే ఇరవై ఏళ్లు కదలదు మేడమ్" అన్నాడు. తీరా వంటింటి గట్టు రాతిలో కోసిన కన్నంలో పెట్టిన మరుక్షణం అది అంచుతో సహా కిందికి జారి, ధనామని నేలకి తగిలి, పక్కకి ఒరిగి, పట్టుకోబోయిన ప్లంబర్ కుడికాలి వేళ్ల మీద వాలింది.

"అమ్మా!" అన్నాడు ప్లంబర్.

"అయ్యో, నా సింకు!" అంది కత్తెర.

కత్తెర అంటే ఆ అమ్మాయి అసలు పేరు కాదు. వాళ్లమ్మతో కలిసి ఇంటి ముందు గదిలో టైలరింగ్ చేస్తుంది. చేతిలో కత్తెర ఎంత పదునో నోట్లో నాలుక దానికంటే ఒక పిసరు ఎక్కువ పదునని వాళ్ల నాన్న పెట్టిన ముద్దుపేరు అది. వీధిలో వాళ్లు కూడా అలాగే పిలుస్తారు. కాకపోతే కాస్త దూరంగా నిలబడి పిలుస్తారు.

"ముందు నా కాలు చూడండి మేడమ్" అన్నాడు ప్లంబర్ ఒంటికాలి మీద గెంతుతూ.

"కాలికి సొట్ట పడదు, దీనికి పడుతుంది." ఆమె సింకుని ఒళ్లోకి తీసుకుని నాలుగు మూలలూ తడిమి చూసింది. బాగానే ఉంది. అప్పుడు గానీ తలెత్తి అతని వంక చూడలేదు. పాతికేళ్లు దాటి ఉంటాయి. భుజాన సంచీ, చెవి మీద పెన్సిలు, ముఖంలో నొప్పీ నవ్వూ సగం సగం.

"మీరు సరిగ్గా పెట్టలేదు" అంది.

"నేను పెట్టలేదండీ. పెట్టేలోపే అదే వెళ్లిపోయింది."

అతను టేపు తీసి కన్నాన్ని కొలిచాడు. సింకుని కొలిచాడు. మళ్లీ కన్నాన్ని కొలిచి తల గోక్కున్నాడు. "కన్నం పెద్దదైంది. నాలుగు వైపులా సరిగ్గా అర అంగుళం చొప్పున. రాయి కోసినతను నిద్రలో కోశాడేమో!"

ఆ మాట వినడమే ఆలస్యం, కత్తెర ఫోన్ తీసి రాళ్ల మేస్త్రీకి కలిపింది. స్పీకర్ పెట్టి మరీ దులిపేసింది. కొలతలు చూసుకోరా, కళ్లు ఎక్కడ పెట్టుకుని కోశారు, ఇప్పుడు నా గతేం కాను అని ఊపిరి తీసుకోకుండా అడిగింది.

మేస్త్రీ పెద్దమనిషి. అంతా విని తాపీగా అన్నాడు. "అమ్మా, మీరు సుద్దతో గీసిన గీత మీదే కోశాను. గీత దాటితే ఊరుకోనని మీరు పక్కనే నిలబడ్డారు కూడా. మళ్లీ కొత్త రాయి వేయాలంటే బుధవారం దాకా నాకు వీలు కాదు." ఫోన్ పెట్టేశాడు.

ప్లంబర్ సింకు వచ్చిన అట్టపెట్టెలో చెయ్యి పెట్టి మడతపెట్టిన కాగితం ఒకటి బయటికి తీశాడు. రాతి మీద పరిచి, చుట్టూ గీసి, కోసుకోమని కంపెనీవాళ్లు ఇచ్చే కాగితం.

"ఇది పెట్టే గీశారా?"

"దాన్ని పెట్టే గీశాను. ప్యాటర్న్ పెట్టి గీయడం నాకు ఒకరు నేర్పాలా?"

"కాగితం అంచు వెంబడే గీశారా?"

"అంచు వెంబడి ఎవరైనా గీస్తారా? కుట్టుకి అర అంగుళం వది..."

కత్తెర ఆగిపోయింది.

పన్నెండేళ్లుగా ఆ చెయ్యి ఏ కాగితం చుట్టూ గీసినా అర అంగుళం వదిలే గీసింది. చొక్కా కాలరైనా, స్కూలు యూనిఫారమైనా, దిండు గలీబైనా అంతే. ఆమెని అడక్కుండానే రాతి మీద కూడా వదిలేసింది.

"రాయిని కూడా కుడతారాండీ?" అని అడిగాడు ప్లంబర్, చాలా మర్యాదగా.

ముందు గదిలో మిషన్ చప్పుడు ఆగింది. మెడలో టేపుతో అమ్మ వచ్చింది. సంగతంతా విని, కన్నంలోకి తొంగి చూసి, పెదవి విరిచింది.

"అర అంగుళమే వదిలావా? పక్కలకి ముప్పావు వదలాలని ఎన్నిసార్లు చెప్పానే!"

ఇక ప్లంబర్ వల్ల కాలేదు. కాలి నొప్పి మర్చిపోయి గోడకి ఆనుకుని నవ్వాడు. కత్తెరకి చెవులు వేడెక్కాయి. నవ్వు ఆపుకుంటూ అతను ఇంకో మాట కూడా అనేశాడు. "ఇంతకీ గట్టు ఇంత కిందికి కట్టించారేంటండీ? ఈ ఎత్తులో సింకు నేనెక్కడా పెట్టలేదు. ఇంట్లో ఎవరైనా మరీ పొట్టివాళ్లున్నారా?"

అమ్మ వెనక్కి తిరిగి మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది. మిషన్ మాత్రం మొదలవలేదు.

"మా నాన్న కోసం" అంది కత్తెర. "చక్రాల కుర్చీలో కూర్చుని కడుగుతారు."

అతని నవ్వు టక్కున ఆగింది.

ఆమె చెప్పాలనుకోలేదు గానీ మొదలుపెట్టాక ఆపలేకపోయింది. ఆ ఇంట్లో ఆడవాళ్లిద్దరూ పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా మిషన్ల దగ్గరే ఉంటారు. వంటిల్లు మొదటినుంచీ నాన్నది. బస్సు డిపోలో డ్యూటీ దిగి వచ్చి, చేతులు కడుక్కుని, గిన్నెల ముందు నిలబడి ఏదో కూనిరాగం తీస్తూ తోముతుంటే ఆయన్ని పలకరించడానికి కూడా వీలుండేది కాదు. ఏడు నెలల కింద పక్షవాతం వచ్చింది. కాళ్లు పడిపోయాయి. కుడిచెయ్యి సగం పడిపోయింది. రెండు నెలలుగా వ్యాయామాలు చేయించే కేంద్రంలో ఉన్నాడు. శనివారం ఇంటికొస్తున్నాడు.

"పోయిన వారం చూడ్డానికి వెళ్తే ఏమన్నారో తెలుసా? నన్ను ముందు గదిలో కిటికీ దగ్గర కూర్చోబెట్టండి చాలు, వంటింటి తలుపు మాత్రం వేసి ఉంచండి, అటు చూస్తే బాధేస్తుంది అన్నారు." కత్తెర సింకు అంచు తుడిచింది. "ఒక్కసారి ఆ తలుపు మూశారంటే మళ్లీ తెరవరు. నాకు తెలుసు, నేను ఆయన కూతుర్నే కదా. ఆయన వచ్చేసరికి ఈ సింకు ఇక్కడ ఉండాలి. శనివారం మధ్యాహ్నానికల్లా ఉండాలి."

ప్లంబర్ చెవి మీద పెన్సిలు తీశాడు.

"మీ నాన్నగారు కూర్చుంటే మోకాలి ఎత్తు ఎంత ఉంటుంది?"

"మడమ నుంచి మోకాలికి ఇరవై ఒకటిన్నర." కొలతల పుస్తకంలో అందరికంటే ముందున్న పేజీ అది, చూడక్కర్లేదు.

"చెయ్యి ఎంతవరకు చాస్తారు?"

"ఎడమది ఇరవై మూడు. కుడిది మోచేతి దాకే లేస్తుంది."

"కాళ్లకి వేడి తెలుస్తుందా?"

ఇదేం ప్రశ్న అనుకుంది. "అంతగా తెలీదు. ఎందుకు?"

అతను అన్నీ అరచేతి మీద రాసుకున్నాడు. గట్టు కింద దూరి ఏదో కొలిచాడు. సంచీ భుజాన వేసుకుని, కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, "చూస్తానండీ" అన్నాడు. అంతే.

కత్తెరకి ఆశ పోయింది. ఎందుకంటే "చూస్తాను" అన్న మాటకి అర్థం టైలర్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. వదిలించుకోవాలనుకున్న ప్రతి కస్టమర్‌తోనూ ఆమె అనే మాట అదే.

ఆ సాయంత్రమంతా ఆమె అతణ్ణి తిడుతూనే ఉంది. పని కష్టంగా కనిపించగానే పారిపోయే రకం అంది. ముఖం చూస్తేనే తెలిసిందంది.

"ముఖం అంత బాగా చూశావా?" అంది అమ్మ దారం కొరుకుతూ.

"అమ్మా!"

"నీ నోటికి దడుచుకుని పోయుంటాడు పాపం. పైగా కాలు మీద ఇనుము పడింది. కాస్త మందైనా రాశావా?"

రాయలేదు. ఆ మాట గుచ్చుకుంది. సింకుని తడిమింది గానీ మనిషిని పట్టించుకోలేదు. ఏడు నెలలుగా ఆమె అలాగే తయారైంది. నాన్న విషయం తప్ప మిగతావన్నీ కంటికి ఆనడం మానేశాయి.

*

శుక్రవారం పొద్దున్నే వాన మొదలైంది. పెద్ద వానేం కాదు. గొడుగు వేసుకుంటే సిగ్గుగా ఉండి, వేసుకోకపోతే తడిసిపోయే రకం. కత్తెర కిటికీ దగ్గర నిలబడి వేరే ప్లంబర్లకి ఫోన్లు చేస్తోంది. రేపంటే కుదరదన్నారు ముగ్గురు. నాలుగో అతను మాట్లాడుతుండగా గేటు చప్పుడైంది.

గేట్లోంచి చక్రాల కుర్చీ ఒకటి లోపలికి వస్తోంది. అందులో ప్లంబర్ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో సంచీ, దాని మీద ఇనుప చట్రం. రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ, తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయి, ఆపసోపాలు పడుతూ వస్తున్నాడు.

కత్తెర చేతిలోంచి ఫోన్ జారింది.

వాకిట్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. "కాలు... కాలు విరిగిందా?" అంది. "నిన్న అంత దెబ్బ తగిలిందా? నేను చూడను కూడా చూడలేదు. సొట్ట పడదన్నాను. ఛీ, నేను మనిషినేనా!" కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి, వానలో అవి వేరే కనిపించడం లేదంతే. "ఈ కాలితో ఎందుకొచ్చారు? ఎవరు రమ్మన్నారు? డాక్టర్ ఏమన్నాడు? ఎన్నాళ్లట?"

ప్లంబర్ నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. తన గురించి ఒక అమ్మాయి అంతలా కంగారు పడడం అతని జన్మలో అదే మొదటిసారి కావడంతో ఒక్క నిమిషం పాటు మంచి మనిషిగా ఉండడం మానేశాడట. ఆ సంగతి తర్వాత అతనే ఒప్పుకున్నాడు.

"చెప్పండి, చాలా నొప్పిగా ఉందా?"

"నొప్పంటే... మీరు అడిగాక కాస్త తగ్గింది."

ఆ మాటలో ఏదో తేడా కొట్టింది. కత్తెర ఏడుపు ఆపి అతని కాళ్ల వంక చూసింది. కుడికాలు, ఎడమకాలు, రెండూ వాన చినుకులకి వేళ్లు ఆడిస్తున్నాయి.

"లేవండి" అంది.

అతను లేచాడు. నిటారుగా నిలబడ్డాడు. తప్పు చేసినవాడిలా నవ్వాడు.

మెడలో ఉన్న టేపు తీసి ఆమె అతని మీదికి విసిరేసింది. అది అతని భుజం మీద దండలా పడింది. గుమ్మంలోంచి చూస్తున్న అమ్మ చప్పున లోపలికి తప్పుకుంది, నవ్వు కనిపించకుండా.

"వీధి చివర క్లినిక్‌లో కుళాయిలన్నీ నేనే బిగించానండీ. నిన్న సాయంత్రం వెళ్లి ఈ కుర్చీ అడిగాను. మీ గేటూ గుమ్మం దీంట్లో దాటడం కుదురుతుందో లేదో చూద్దామని ఎక్కి వచ్చాను" అని చెప్పాడు అతను, లోపలికొచ్చి తువ్వాలుతో తల తుడుచుకుంటూ. "అక్కడి సింకు ముందు దీంట్లో కూర్చుని కుడిచెయ్యి జేబులో పెట్టుకుని ప్లేట్లు కడిగి చూశాను. ఆరేళ్లుగా సింకులు పెడుతున్నాను గానీ కూర్చుని చూడ్డం అదే మొదటిసారి. మోకాళ్లు పైపుకి కొట్టుకున్నాయి. వేడినీళ్ల పైపు తొడకి తగిలింది. నాకైతే చుర్రుమంది, తీసేశాను. మీ నాన్నగారికి తెలీదు కదా. కాలిపోయేదాకా తెలీదు."

కత్తెరకి నిన్నటి ప్రశ్న అప్పుడు అర్థమైంది. ఆ మాట తనకీ అమ్మకీ తట్టలేదు. ఎవరో ఈయన, నిన్నటిదాకా ఈ ఇల్లెక్కడో తెలియనివాడు, వాళ్ల నాన్న కాళ్ల గురించి తనకంటే ముందు ఆలోచించాడు. నాలుక చివరిదాకా ఏదో వచ్చింది గానీ అలవాటు లేక మాట కాలేదు.

"మరి నిన్న అంత ముక్తసరిగా చూస్తాను అని వెళ్లిపోయారేం?"

"చూడ్డానికే కదండీ వెళ్లాను."

ఆ తర్వాత పని మొదలైంది. వెల్డింగ్ షాపులో చేయించుకొచ్చిన చట్రాన్ని అతను గట్టు కింద బిగించాడు. దాని మీద సింకుని దింపాడు. ఈసారి అది పడలేదు. అంచు సరిగ్గా రాతితో సమానంగా వచ్చి ఆగింది. చుట్టూ బియ్యపు గింజంత సందు.

"చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు.

ఆమె అరచెయ్యి రాతి మీద పెట్టి ముందుకి జరిపింది. రాయి ఎక్కడ అయిపోయిందో, సింకు ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"మామూలుగా పెడితే సింకు అంచు రాతి మీదికి లేచి ఉంటుంది. గిన్నెని ఎత్తి లోపల పెట్టాలి. ఒంటి చేత్తో బరువు గిన్నె ఎత్తడం ఎంత కష్టమో నిన్న క్లినిక్‌లో తెలిసింది. రెండు ప్లేట్లు పగలగొట్టాను కూడా. ఇప్పుడు ఎత్తక్కర్లేదు. తోస్తే చాలు, అదే వెళ్తుంది." చెవి మీద పెన్సిలు సర్దుకున్నాడు. "మీరు ఆ అర అంగుళం వదలకపోతే నాకు ఈ ఆలోచన వచ్చేది కాదండీ. కన్నం సరిగ్గా ఉంటే అందరి ఇళ్లల్లో పెట్టినట్టే పెట్టేసి వెళ్లిపోయేవాణ్ణి."

కత్తెర అతని ముఖంలోకి చూసింది. వెక్కిరిస్తున్నాడేమోనని చూసింది. వెక్కిరించడం లేదు. అతను అటు తిరిగి పని చూసుకుంటున్నా ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"ఏంటండీ?" అన్నాడు.

"ఏం లేదు. మీ చెవి మీద పెన్సిలు పడిపోతుందేమోనని."

పైపుల వంతు వచ్చింది. నీళ్లు పోయే పైపుని అతను ముందు నుంచి కాకుండా వెనక మూలకి తిప్పి, గోడకి అంటించినట్టు పెట్టాడు. మోకాళ్లకి ఖాళీ దొరికింది. వేడినీళ్ల పైపుకి చుట్టడానికి ఏదైనా కావాలన్నప్పుడు కత్తెర అతన్ని పక్కకి జరగమంది. గట్టు కింద దూరి పైపు పొడవు, చుట్టుకొలత, వంపు తిరిగిన చోటు కొలిచింది. అరగంటలో మూడు పొరల దూదిగుడ్డతో, గళ్లు గళ్లుగా కుట్టిన తొడుగు పట్టుకొచ్చింది. పక్కన బొత్తాలు కూడా ఉన్నాయి.

"పైపుకి కోటు కుట్టారా!"

"తీసి ఉతకడానికి వీలుగా బొత్తాలు పెట్టాను. సరిపోయిందా?"

"ఒంటికి అతికినట్టుంది. కొలతలు ఇంత బాగా తీసుకునేవాళ్లకి రాయి దగ్గర ఏమైందండీ?"

"మళ్లీ ఆ రాయి ఊసెత్తితే మీకు కూడా కోటు కుడతాను, చేతులు లేకుండా."

ఇద్దరూ గట్టు కింద ఇరుకులో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. టార్చి వెలుగు పైపు మీద ఉండాల్సింది, ఎందుకో ఆమె చేతి మీద ఉంది. బయట వాన పెద్దదైంది. ఎవరూ లేవలేదు. బొత్తాలు ఐదే ఉన్నా, వాటిని పెట్టడానికి చాలాసేపు పట్టింది.

చివరగా అతను కుర్చీలో కూర్చుని వంటింట్లోకి వచ్చి చూసుకుంటుంటే చక్రం తలుపుకి రాసుకుంది. ప్లంబర్ దిగి తలుపుని ఎగాదిగా చూశాడు. "దీన్ని తీసేస్తే రెండంగుళాలు కలిసొస్తాయి."

"తీసేయండి" అంది కత్తెర.

"మీ అమ్మగారిని అడగరా?"

"తీసేయ్ బాబూ" అని ముందు గదిలోంచి అమ్మ అరిచింది. "నాకు కటింగ్ బల్లకి పనికొస్తుంది."

చుట్టూ ఉన్న సన్నటి సందులో అతను సిలికాన్ జిగురు నింపాడు. రేపు పన్నెండు గంటల దాకా ఒక్క చుక్క నీళ్లు తగలకూడదన్నాడు. తగిలితే అంతా మళ్లీ మొదటికొస్తుందన్నాడు. కుర్చీ మడిచి, వాన తగ్గకుండానే వెళ్లిపోయాడు. ఆమె గుమ్మంలో నిలబడి అతను వీధి మలుపు తిరిగేదాకా చూసింది. అప్పుడు గుర్తొచ్చింది, ఒక్క మంచిమాటైనా అనలేదని.

*

శనివారం నాన్న పన్నెండింటికి రావాలి. పదకొండింటికే వచ్చేశాడు.

వ్యాన్‌లోంచి దింపిన మనిషి సన్నబడ్డాడు. క్రాఫు మాత్రం నున్నగా దువ్వి ఉంది. ముందు గదిలోకి రాగానే కిటికీ వైపు తిప్పమన్నాడు. ఇల్లంతా ఒకసారి కలియజూసి, వంటింటి వైపు చూపు రాగానే తల తిప్పేసుకున్నాడు.

"తలుపు వేసి ఉంచమన్నాను కదా" అన్నాడు మెల్లగా.

"తలుపు లేదు నాన్నా" అంది కత్తెర.

"లేదంటే?"

"మీ ఎదురుగానే ఉంది చూడండి. దాని మీద స్కూలు యూనిఫారాలు కత్తిరిస్తున్నాను" అంది అమ్మ.

నాన్న బల్ల వంక చూశాడు. ఖాళీ గుమ్మం వంక చూశాడు. అమ్మ వంక చూశాడు. ఆయనకి కోపమొస్తుందో ఏడుపొస్తుందో ఎవరికీ తెలియలేదు. కత్తెర గుప్పిళ్లు బిగించుకుని నిలబడింది. సింకు పక్కన పడి ఉన్న కప్పులూ ప్లేట్లూ పొద్దుటినుంచీ ఒక్కటి కూడా కడగలేదు. ఆయన అటు వెళ్లకపోతే వాటిని ఎలా కడగాలో ఆమెకి తెలీదు. ఆయన లేకుండా ఆ సింకులో చెయ్యి పెట్టడం తన వల్ల కాదనిపించింది.

ఎంతసేపటికో నాన్న ఎడమచెయ్యి చక్రం మీదికి వచ్చింది. కుర్చీ మెల్లగా తిరిగింది. గుమ్మం దాటింది, ఎక్కడా రాసుకోలేదు. గట్టు ముందుకి వెళ్లి ఆగబోయి, ఆగకుండా లోపలికి వెళ్లింది. మోకాళ్లు రాతి కిందికి దూరిపోయాయి. సింకు ఆయన ఛాతీ ముందుకి వచ్చింది.

"ఇదేంటే..." అన్నాడు.

"పన్నెండు దాకా నీళ్లు పెట్టకూడదు నాన్నా! ఇంకా నలభై నిమిషాలుంది."

అందుకని ఆ ముగ్గురూ నలభై నిమిషాలు ఖాళీ సింకు ముందు కూర్చున్నారు. నాన్న రాతి మీద చెయ్యి జరుపుతూ అంచు కోసం వెతికాడు, దొరకలేదు. కింద చెయ్యి పెట్టి పైపు కోటు బొత్తాలు తడిమి, "ఈ కుట్టు నీదే" అన్నాడు కూతురితో. మిగతాదంతా ఎవరు చేశారని అడిగాడు. కత్తెర చెప్పడం మొదలుపెట్టింది. సింకు పడడం దగ్గర నాన్న నవ్వాడు. ఏడు నెలల తర్వాత ఆ నవ్వు. చక్రాల కుర్చీలో వచ్చిన సంగతి దగ్గరికొచ్చేసరికి నవ్వడం ఆపి, కూతురి ముఖం వంకే చూస్తూ విన్నాడు.

సరిగ్గా పన్నెండింటికి ప్లంబర్ వచ్చాడు. నాన్నకి నమస్కారం పెట్టి, చుట్టూ సిలికాన్ నొక్కి చూసి, నిన్న అంచుల వెంబడి అంటించిన కాగితపు పట్టీలు ఒలిచేసి, "తిప్పండి సార్" అన్నాడు.

నాన్న కుళాయి తిప్పాడు. నీళ్లు వచ్చాయి. ఎడమచేత్తో ప్లేటుని తోశాడు, అది రాతి మీద జారి తనంతట తనే సింకులోకి దిగింది. కుడిచెయ్యిని ఎత్తి వేడినీళ్లలో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి తోమలేదు గానీ, ప్లేటు కదలకుండా ఒక పక్కన ఆనించి పట్టుకోగలిగింది. ఎడమచెయ్యి తోమింది. ఒక ప్లేటు, ఇంకో ప్లేటు, కప్పులు. మధ్యలో ఎక్కడో కూనిరాగం మొదలైంది. అమ్మ ముందు గదిలోకి వెళ్లి మిషన్ ముందు కూర్చుని, కుట్టకుండా కళ్లు తుడుచుకుంది.

అన్నీ అయ్యాక నాన్న తడిచేత్తోనే ప్లంబర్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడు నెలలుగా అందరూ ప్రేమతోనే నా చేతిలో పని లాక్కున్నారు బాబూ. కూర్చో, పడుకో, మేం చూసుకుంటాం అన్నారు. నువ్వొక్కడివే తిరిగి నా చేతికి పని ఇచ్చావు. నీ మేలు మర్చిపోను."

ప్లంబర్ పెన్సిలు సర్దుకున్నాడు. "సగం మీ అమ్మాయిదే సార్. కన్నం ఆవిడే కోయించారు."

అతను సంచీ సర్దుకుని బయల్దేరితే గేటు దాకా కత్తెర వెంట వచ్చింది. మాటలు ఇంటినుంచే కూర్చుకుని వచ్చింది. మీరు చేసింది జన్మలో మర్చిపోలేను, అనాలి. అంతే కదా, కష్టమేముంది?

"మీ చొక్కా భుజం దగ్గర కుట్టు ఊడింది" అంది.

"అవునండీ. చాలా రోజులైంది."

"ఇచ్చి వెళ్లండి. కుడతాను."

"ఇచ్చేసి ఎలా వెళ్లనండీ, వీధిలో?"

"అయితే రేపు ఇంకోటి వేసుకుని, ఇది పట్టుకుని రండి."

అతను గేటు మీద చెయ్యి వేసి ఆగాడు. "రేపు చొక్కా సరే. ఎల్లుండి? నేను బిగించిన సింకు లీకవదండీ. ఐదేళ్లయినా అవదు. నిన్నటినుంచీ నా బాధంతా అదే. ఈ ఇంటికి మళ్లీ రావడానికి ఒక్క కారణం కూడా మిగల్లేదు. చెడగొట్టి పెడదామా అనిపించింది గానీ, మీ నాన్నగారి సింకు కదా, చెయ్యి రాలేదు."

కత్తెరకి ఆ పూట నాలుక పదునంతా ఏమైందో ఏమో. "కారణం లేకుండా రాకూడదా?" అంది, తనకే సరిగ్గా వినపడనంత నెమ్మదిగా. తర్వాత ధైర్యం చేసి తలెత్తింది. "నిన్న వానలో ఏడ్చాను చూడండి. అది సింకు గురించి కాదు. నాన్న గురించి కూడా కాదు."

అతను ఏదో అనబోయాడు. లోపల్నుంచి నాన్న గొంతు ఖంగుమని వినిపించింది.

"కత్తెరా! ఆ అబ్బాయి వెళ్లిపోయాడా?"

"లేదు నాన్నా, ఇక్కడే ఉన్నారు!"

"టీ తాగి వెళ్లమను. కప్పు కడిగి పెట్టాను. మూడు కప్పులు కడిగితే నా చేతికి వ్యాయామం చాలదే. డాక్టర్ బాగా ఆడించమన్నాడు. ఈ ఇంట్లో రోజూ నాలుగో కప్పు ఉండాలి, చెప్పు అతనికి!"

"రోజూనా?" అన్నాడు ప్లంబర్ మెల్లగా.

"మా నాన్న ఒకసారి అన్నారంటే ఇక అంతే. ఆయన కూతుర్ని కదా, నాకు తెలుసు" అంది కత్తెర, నవ్వూ కన్నీళ్లూ కలిసిపోతుంటే దాచుకోకుండా. వంటింట్లో నాన్న ఉన్నాడు. పక్కన ఇతనున్నాడు. ఇంతకంటే ఎవరినైనా ఏం అడుగుతుంది? "థాంక్సండీ" అంది ఎట్టకేలకి.

అతను గేటు మూసి, భుజాన్నుంచి సంచీ దింపి, ఆమె వెనకే లోపలికి నడిచాడు.